లివర్ వార్డులో 17 రోజులు: వైద్యానికి ఐదు స్టార్లు, వార్డు సింకుకి ఒక్కటి

ఆసుపత్రి పేరు రాయను. విజయవాడలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, గ్యాస్ట్రో విభాగానికి మంచి పేరుంది, అంతవరకు చాలు. పేరు రాస్తే ఈ లోపం ఆ ఒక్క చోటే ఉందనుకుని, మీ వాళ్లని ఇంకో ఆసుపత్రిలో చేర్చి నిశ్చింతగా కూర్చుంటారేమోనని నా భయం. ఇలాంటిది ఎక్కడైనా జరగొచ్చు. లివర్ సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడైపోవడం) ఉన్న మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి, మిగతావాళ్లకి ఇది పెద్దగా పనికిరాకపోవచ్చు.

పేషెంటు మా నాన్న. వయసు 63, ఊరు తెనాలి దగ్గర. మూడేళ్ల క్రితం సిరోసిస్ అని తేలింది. ముందే చెప్తున్నాను, నాన్న జీవితంలో మందు ముట్టలేదు. 20 ఏళ్లుగా షుగరు, దానికి తోడు ఫ్యాటీ లివరు, అది ముదిరి ఇలా అయింది. కానీ అడ్మిషన్ కౌంటర్ దగ్గర్నుంచి పక్క బెడ్డు బంధువుల దాకా అందరూ అడిగే మొదటి ప్రశ్న "తాగేవారా?" అనే. అమ్మ ప్రతిసారీ తల దించుకుని "లేదండీ" అని చెప్పాల్సి రావడం చూస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది. ఆసుపత్రి సిబ్బందికి నా మనవి: కేసు షీటు కోసం అడగాలి, అడగండి, కానీ నలుగురిలో అడగకండి. తాగి లివర్ పాడుచేసుకున్న మనిషికైనా ఆ మాత్రం మర్యాద దక్కాలి.

ఎమర్జెన్సీ సంగతి. ఇక్కడ వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. నాన్నకి రెండు రోజులుగా జ్వరం, పొట్ట ఉబ్బి బిర్రుగా అయింది, ఆ రోజు పొద్దున మా తమ్ముణ్ణి పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు" అన్నారు. వాడు అక్కడే ఏడ్చేశాడు. కారులో పడుకోబెట్టి తీసుకెళ్తే, దించిన గంటన్నరలో పొట్టలోంచి కొంచెం నీరు సూదితో తీసి ల్యాబ్‌కి పంపారు. ఆ నీటిలో న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు 250 దాటితే ఇన్ఫెక్షన్ కింద లెక్క, నాన్నకి 1,100 వచ్చాయి. దీన్ని డాక్టర్లు ఎస్‌బీపీ అంటారు. బయటి నుంచి గాయం గానీ రంధ్రం గానీ ఏమీ లేకుండానే, పొట్టలో చేరిన నీరు చెడిపోవడం అన్నమాట.

ఎందుకొస్తుందని అడిగితే ఆ పెద్ద డాక్టరు గారు (ఆయన్ని ఎంత పొగిడినా తక్కువే) ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చెప్పారు. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందు లివర్‌లోకే వెళ్తుంది, లివర్ జల్లెడలా పనిచేసి పేగుల్లోంచి జారిపడిన సూక్ష్మజీవుల్ని పట్టేస్తుంది. సిరోసిస్‌లో ఆ జల్లెడ గట్టిపడి పూడుకుపోతుంది. రక్తం వెనక్కి తన్నుతుంది, పేగు గోడ వాచి వదులవుతుంది, పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా గోడ దాటి పొట్ట నీటిలోకి చేరుతుంది. అంటే ఆ క్రిములు బయటి నుంచి వచ్చినవి కావు, మనిషి సొంత పేగులోవే. ఒక్క కాగితం ముక్క మీద ఇదంతా పది నిమిషాల్లో మా అమ్మకి కూడా అర్థమైంది. మూడేళ్లుగా రకరకాల డాక్టర్ల చుట్టూ తిరిగాం, ఇలా కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

వెంటనే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, దాంతో పాటు ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) ఎక్కించారు. కిడ్నీలు దెబ్బతినకుండా మొదటి రోజు కిలో బరువుకి ఒకటిన్నర గ్రాములు, మూడో రోజు కిలోకి ఒక గ్రాము ఇవ్వాలట. నాన్న 62 కిలోలు, కాబట్టి మొదటి రోజు ఐదు సీసాలు, మూడో రోజు మూడు. ఒక్కో సీసా ఐదు వేల దగ్గర దగ్గర. ఇన్సూరెన్స్ అప్రూవల్ ఇంకా రాలేదు, అయినా దాని కోసం ఆపకుండా ఎక్కించారు. ఇది రాయకపోతే తప్పు చేసినదాన్నవుతాను. మెదడు మందగించినందుకు లాక్టులోజ్ సిరప్, రిఫాక్సిమిన్ మాత్రలు. పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర. ఈ గ్యాస్ మాత్రని గుర్తుపెట్టుకోండి.

ఐదో రోజుకి నాన్న లేచి కూర్చుని పేపరు చదివారు, కాఫీ అడిగారు. ఆ కాఫీ గ్లాసు పట్టుకుని నా వైపు చూసి "నువ్వెప్పుడొచ్చావు తల్లీ హైదరాబాద్ నుంచి" అన్నారు. నాలుగు రోజులుగా మంచం పక్కనే ఉన్నాను నేను. ఇక గండం గడిచింది, రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతాం అనుకున్నాం.

ఏడో రోజు సాయంత్రం విరేచనాలు మొదలయ్యాయి.

అసలు చెప్పాల్సింది ఇక్కడి నుంచే. లాక్టులోజ్ ఇచ్చేదే రోజుకి రెండు మూడు మెత్తటి మోషన్లు అవ్వాలని, వాటితో పాటే అమోనియా బయటకు పోయి మెదడు తేలిక పడాలని. కాబట్టి సిరోసిస్ పేషెంటుకి మోషన్ ఎక్కువైతే వార్డులో ఎవరూ కంగారు పడరు. "సిరప్ పనిచేస్తోందమ్మా, మంచిదే." డ్యూటీ డాక్టరు అదే మాట, సిస్టర్ అదే మాట, డైపర్ మార్చడానికి వచ్చిన ఆయా కూడా అదే మాట. ఎనిమిదో రోజు 11 సార్లు అయింది. తొమ్మిదో రోజు 14. ఈ లెక్క ఆసుపత్రి వాళ్లది కాదు, మా అమ్మది. మా ఇంట్లో పాల లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసి రాసేది అమ్మ, అదే అలవాటుగా ఎక్స్‌రే కవరు వెనక పెన్సిలుతో నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డ గీత, అలా గీస్తూ పోయింది. నర్సుల చార్టులో మాత్రం ఆ కాలమ్‌లో "పాస్డ్" అని ఒక్క ముక్క. ఎన్నిసార్లో లేదు.

అమ్మ ఇంకో మాట కూడా పదే పదే అంది. "వాసన మారింది అమ్మాయ్. ఇది ఇంట్లో సిరప్ తాగినప్పుడు వచ్చే వాసన కాదు." మూడేళ్లుగా ఆ మనిషికి అన్నీ చేసిన ఆవిడకి తెలియదా? నేను ఆ మాట డ్యూటీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నవ్వి ఊరుకున్నారు. సిరప్ డోసు తగ్గిద్దాం అన్నారు, మళ్లీ రౌండ్స్ హడావిడిలో అది కూడా మర్చిపోయారు. ఆ రోజు ఇంకాస్త గట్టిగా అడగలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. పెద్ద ఆసుపత్రిలో తెల్ల కోటు ముందు మనకి నోరు పెగలదు.

పదో రోజు మధ్యాహ్నానికి నాన్న మళ్లీ మగతలోకి వెళ్లిపోయారు. కళ్లు లోపలికి పోయాయి, పొట్ట ముట్టుకుంటే మూలుగుతున్నారు. రక్త పరీక్షల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 నుంచి 2.3కి పెరిగింది, పొటాషియం పడిపోయింది, తెల్ల కణాలు పెరిగాయి. అన్ని విరేచనాలైతే ఒంట్లో నీరు పోతుంది, నీరు పోతే కిడ్నీ దెబ్బతింటుంది, కిడ్నీ మందగిస్తే మెదడు మళ్లీ మొద్దుబారుతుంది, సిరోసిస్ మనిషికి ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి గొలుసులా వచ్చి పడతాయి. మామూలు మనిషి తట్టుకునే విరేచనాలు వీళ్ల ప్రాణం మీదికి తెస్తాయి.

ఆ రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్‌కి పాతికేళ్లు కూడా ఉండవు. డైపర్ మార్చడానికి ఆయాతో పాటు తనూ వచ్చింది, తెర లాగింది, ఒక్క క్షణం ఆగింది. "ఎన్ని రోజుల నుంచి ఆంటీ?" అని అమ్మని అడిగింది. అమ్మ ఎక్స్‌రే కవరు తిప్పి చూపించింది. ఆ గీతలు లెక్కపెట్టి, కేసు షీటు తెచ్చి సెఫ్ట్రియాక్సోన్ ఎన్ని రోజులు నడిచిందో చూసి, నాన్న భుజం మీద చెయ్యి వేసి "బాబాయ్ గారూ, రేపటికి కనిపెట్టేద్దాం" అని వెళ్లి, రాత్రి పదకొండున్నరకి డ్యూటీలో ఉన్న గ్యాస్ట్రో పీజీ డాక్టరుని ఫోన్ చేసి పిలిపించింది. లాక్టులోజ్ ఆపేశారు. మలం శాంపిల్ చిన్న డబ్బాలో పట్టి పంపారు. మర్నాడు మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది: క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా, యాంటిజెన్ పాజిటివ్, టాక్సిన్ పాజిటివ్, అంటే క్రిమీ ఉంది, అది వదిలే విషమూ ఉంది. వార్డులో వాళ్లు "సీ డిఫ్" అంటారు.

ఆ పేరు మేమెప్పుడూ వినలేదు. పెద్ద డాక్టరు గారు మళ్లీ కూర్చుని చెప్పారు. దీన్ని 1935లో పసిపిల్లల మలంలో మొదటిసారి గుర్తించారట, ల్యాబ్‌లో పెంచడం చాలా కష్టమైంది కాబట్టి లాటిన్‌లో "కష్టం" అనే అర్థంతో ఆ పేరు పెట్టారట. యాంటీబయాటిక్స్ వాడిన వాళ్లకి వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకి ఇదే కారణమని 1978లో గానీ తేలలేదు. ఆయన మా వాళ్లది వ్యవసాయ కుటుంబమని తెలుసుకుని ఒక పోలిక చెప్పారు, అది నాకు బాగా నాటుకుంది. పేగులో కోట్ల మంచి బ్యాక్టీరియా పైరులా నిండి ఉంటుంది. పొట్ట నీటి ఇన్ఫెక్షన్ కోసం మనం కొట్టిన మందుకి ఆ పైరు కూడా చాలావరకు పోయింది, బోసిపోయిన నేలలో తుంగ లేచింది. ఆ తుంగే ఇది. అది రెండు రకాల విషాల్ని వదులుతుంది, అవి పెద్దపేగు గోడని తినేస్తాయి.

"అయితే ఆ యాంటీబయాటిక్ ఇవ్వకుండా ఉండాల్సిందా?" అని తమ్ముడు అడిగాడు. "ఇవ్వకపోతే మీ నాన్నగారు మొదటి వారమే దక్కేవారు కాదు" అన్నారాయన. ఈ మాట నేను నమ్ముతాను, మీరూ నమ్మండి, యాంటీబయాటిక్ వద్దని ఎవరూ మొండికెయ్యకండి. కానీ ఇచ్చాక పేగు మీద ఒక కన్నేసి ఉంచాలి కదా, అది జరగలేదు. సిరోసిస్ ఉన్నవాళ్లకి ఈ ముప్పు ఎక్కువని డాక్టర్లకి కొత్తగా తెలిసిన విషయం కూడా కాదు. ఈ ఇన్ఫెక్షన్ సోకిన సిరోసిస్ పేషెంట్లు, సోకని వాళ్లకంటే ఎక్కువగా చనిపోతున్నారని అమెరికా ఆసుపత్రుల రికార్డులతో చేసిన పరిశోధన 2010లోనే వచ్చింది. మాటిమాటికీ ఆసుపత్రిలో చేరడం, మాటిమాటికీ యాంటీబయాటిక్స్, రోగనిరోధక శక్తి తగ్గిపోవడం, వీటికి తోడు గ్యాస్ మాత్ర.

గ్యాస్ మాత్ర గురించి ఒక ముక్క. మన వైపు దాన్ని టీ తాగినట్టు రోజూ వేసుకుంటారు, ఏ మందు రాసినా "గ్యాస్ పట్టకుండా" దాన్ని జత చేస్తారు. కడుపులో యాసిడ్ ఉన్నది నోటి గుండా వచ్చే క్రిముల్ని చంపడానికి కూడా. యాసిడ్ తగ్గిస్తే పేగు ఇన్ఫెక్షన్లకి దారి తెరిచినట్టే, సిరోసిస్‌లో అయితే మరీను. అల్సర్ ఉంటే, రక్తం పడితే, లేదా వేరిసెస్‌కి (అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు) బ్యాండ్లు వేసిన కొత్తలో అది అవసరం పడుతుంది. నాన్నకి ఇవేమీ లేవు. ఎండోస్కోపీలో చిన్న వేరిసెస్ ఉన్నాయి, వాటికి కార్వెడిలాల్ వాడుతున్నారు, వేరిసెస్‌కి గ్యాస్ మాత్ర వైద్యం కాదు. మరి మూడేళ్లుగా ఎందుకు వేసుకుంటున్నట్టు? పెద్ద డాక్టరు గారు ఆ రోజే ఆపేశారు. మీ డాక్టరుని అడక్కుండా మీరు ఆపకండి, కానీ "ఇది ఎందుకు, ఎన్నాళ్లు" అని మాత్రం తప్పకుండా అడగండి.

ఇక వైద్యం. వాంకోమైసిన్ అనే మందు, 125 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగు సార్లు, పది రోజులు, నోటి ద్వారా. ఆసుపత్రి ఫార్మసీలో క్యాప్సూల్ లేదు, ఇంజెక్షన్ వయల్ ఉంది. సిస్టర్ 500 మిల్లీగ్రాముల వయల్‌లో పది ఎంఎల్ నీళ్లు కలిపి, సూది తీసేసిన సిరంజితో రెండున్నర ఎంఎల్ లాగి, కాసిని నీళ్లలో కలిపి తాగించింది. ఇంజెక్షన్ మందు తాగించడమేంటని మాకు గుండె గుభేలుమంది. అసలు సంగతి ఏంటంటే ఈ మందు రక్తంలోకి ఎక్కిస్తే పెద్దపేగు లోపలికి చేరదు, తాగితే రక్తంలోకి పోకుండా పేగులోనే ఉండి పనిచేస్తుంది, అందుకే అదే వయల్‌ని తాగిస్తారు. ఇది ముందు ఒక్క మాట చెప్పి ఉంటే మాకు అంత టెన్షన్ ఉండేది కాదు. చేదుకి నాన్న మొహం ముడుచుకునేవారు, తర్వాత చెంచాడు చెరుకు రసం ఇప్పించమని అడిగేవారు, షుగరు కదా, ఇవ్వలేదు. మెట్రోనిడజోల్ వాడకుండా ఇది ఎందుకని కూడా అడిగాను, ఒకప్పుడు అదే మొదటి మందు, ఇప్పటి సూచనల్లో అది వెనక్కి పోయింది, లివర్ రోగికి మరీ మంచిది కాదు అన్నారు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇలాంటి విరేచనాలకి మెడికల్ షాపులో అడిగి తెచ్చే లోపెరమైడ్ లాంటి కట్టే మాత్రలు మీ అంతట మీరు వెయ్యకండి. విషం లోపలే నిలిచిపోతుంది.

ఈ మందు మొదలైన నాలుగో రోజుకి మోషన్లు ఆరుకి దిగాయి. ఆరో రోజుకి మూడు. అమ్మ గీతలు గీయడం ఆపలేదు.

ఇప్పుడు సింకు సంగతి. నా కోపమంతా దీని మీదే.

మాది ఇద్దరు పేషెంట్లు పంచుకునే గది. ఒకే టాయిలెట్. ప్రతి మంచం చివర శానిటైజర్ సీసా వేలాడుతుంది, వచ్చిన ప్రతి డాక్టరూ, ప్రతి సిస్టరూ చేతికి రాసుకునే ముట్టుకుంటారు. చూసి మేము ఎంత శుభ్రమో అనుకున్నాం. కానీ సీ డిఫ్ క్రిమి గట్టి పెంకు వేసుకుని బీజంలా మారుతుంది, ఎండాకాలమంతా బీట నేలలో పడి ఉండి తొలకరికి మొలిచే గడ్డి గింజలాగా. మంచం కమ్మీ మీద, టాయిలెట్ గొళ్లెం మీద, బీపీ పట్టీ మీద నెలల తరబడి ఉంటుంది. ఆల్కహాల్ శానిటైజర్‌కి అది చావదు. సబ్బుకీ చావదు, కాకపోతే సబ్బు నురగతో రుద్ది పారే నీటి కింద కడిగితే చేతి నుంచి జారిపోతుంది. అంటే ఈ ఒక్క క్రిమి విషయంలో ఖరీదైన సీసా కంటే పది రూపాయల సబ్బు బిళ్ల మేలు. ఆ సబ్బే లేదు! వార్డు మొత్తానికి మూడు సింకులు, మూడింటి దగ్గరా గోడకి డబ్బాలు ఉన్నాయి, రెండు ఖాళీ, మూడోదాన్ని నొక్కితే నీళ్లలాంటిది రెండు చుక్కలు వచ్చింది. తుడుచుకోవడానికి కాగితాలు లేవు. నేల తుడిచేది ఫినాయిల్‌తో, దానికీ ఈ బీజం చావదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. అదే బకెట్, అదే గుడ్డ, మా గది తర్వాత పక్క గది.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, పురుళ్ల వార్డులోకి వచ్చే ముందు డాక్టర్లు బ్లీచింగ్ నీళ్లలో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టి ఎంతోమంది బాలింతల ప్రాణాలు నిలబెట్టాడు. అంత పాత సంగతి. సీటీ స్కాను ఉంది, ఎంఆర్ఐ ఉంది, వార్డు సింకు దగ్గర సబ్బు లేకపోవడం ఏంటి?

రిపోర్టు వచ్చాక మాత్రం వేగం వచ్చింది. రెండు గంటల్లో నాన్నని ఒంటరి గదికి మార్చారు, తలుపుకి పసుపు రంగు అట్ట తగిలించారు, లోపలికి వచ్చేవాళ్లకి గ్లవ్స్, ఏప్రన్, నాన్నకి విడిగా థర్మామీటరు, విడిగా బీపీ పట్టీ. ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ అని ఒక పెద్దావిడ వచ్చి అమ్మనీ నన్నూ సింకు దగ్గర నిలబెట్టి అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్లు, ఎలా రుద్దాలో దగ్గరుండి చేయించింది. అమ్మ గాజులు పైకి జరుపుకుని బడిపిల్లలా నేర్చుకుంది. ఆ రోజు నుంచి అమ్మ ఎవరి చేతిలో గ్లాసు తీసుకోవాలన్నా ముందు వాళ్ల చేతుల వైపు చూస్తుంది. ఇదంతా బాగుంది, చాలా బాగుంది, కానీ మూడు రోజులు ఆలస్యం.

అంతకంటే నన్ను కలవరపెట్టింది పాత గది సంగతి. పక్క మంచం పెద్దాయనకి ప్యాంక్రియాస్ వాపు, ఆయనా యాంటీబయాటిక్స్ మీదే ఉన్నారు, మూడు రోజులు మాతో అదే టాయిలెట్ వాడారు. మమ్మల్ని మార్చాక వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనే వెళ్లి ఆయన కోడలికి చెప్పాను, విరేచనాలు మొదలైతే వెంటనే పరీక్ష అడగమ్మా అని. ఆవిడ భయపడింది, నా మీద కాస్త చిరాకు కూడా పడింది, పడనీ. ఆయనకి ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ మాట చెప్పాల్సింది నేను కాదు.

తిండి గురించి త్వరగా చెప్పేస్తాను. డైటీషియన్ చాలా మంచి మనిషి. లివర్ పేషెంటుకి పప్పు, గుడ్డు ఆపేయాలన్న పాత మాట తప్పని, ప్రోటీన్ బాగా ఇవ్వాలని, రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించాలని రాసిచ్చింది. ఉప్పు రోజుకి చెంచాకి మించకూడదు, ఆవకాయ బంద్. క్యాంటీన్ వాళ్లు పంపే ఉప్పు లేని ఉప్మా మాత్రం నోట పెట్టలేం, నాన్న మూడు పూటలు తినకుండా తిప్పి పంపారు, ఇంటి నుంచి పెసరపప్పు కట్టు తెచ్చుకోవడానికి అనుమతి అడిగి తీసుకున్నాం. బిల్లు 4 లక్షల 70 వేలు, ఇన్సూరెన్స్ 3 లక్షలు ఇచ్చింది. ఆసుపత్రిలో అంటిన ఇన్ఫెక్షన్‌కి అయిన ఖర్చు కూడా మన బిల్లులోనే వస్తుంది. "ఇది ఇక్కడే అంటిందని ఖాయంగా చెప్పలేం, పేగులో ముందే ఉండి ఉండొచ్చు" అన్నారు బిల్లింగ్ దగ్గర. అలా ఉండే అవకాశం ఉందని పెద్ద డాక్టరు గారూ ఒప్పుకున్నారు, కాబట్టి నేను వాదించలేదు.

డిశ్చార్జ్ రోజు ఇంకో సంగతి జరిగింది, తప్పక చెప్పాలి. 17వ రోజు, సాయంత్రం నాలుగు, వీల్‌చైర్ వచ్చేసింది, అందరం ఇంటికి పోయే తొందరలో ఉన్నాం. డిశ్చార్జ్ సమ్మరీ చదువుతుంటే మందుల జాబితాలో మొదటి వరుస: పాంటాప్రజోల్ 40, పొద్దున పరగడుపున. ఆపేసిన గ్యాస్ మాత్రే! రెండో పేజీలో లాక్టులోజ్ పాత డోసు. పాత టెంప్లేటు అలాగే దించేశారు. వెనక్కి తీసుకెళ్లి చూపిస్తే 40 నిమిషాల్లో సరిచేసి ఇచ్చారు, క్షమించమని కూడా అన్నారు. చూడకపోయి ఉంటే? ఇంటికెళ్లాక కాగితంలో ఏది ఉంటే అదే కదా మనం వేసేది. వీల్‌చైర్‌లో కూర్చున్నాక కాదు, మంచం మీద నుంచి లేవక ముందే ఆ కాగితాలు వరుస వరుసా చదవండి.

ఇంకా మిగిలిన నాలుగు రోజుల మందుకి తమ్ముడు ఊరంతా కాళ్లరిగేలా తిరిగి క్యాప్సూల్స్ సంపాదించాడు. ఇంట్లో నాన్నకి విడిగా బాత్రూం ఇచ్చాం, బ్లీచింగ్ నీళ్లతో రోజూ కడిగాం. ఈ జబ్బు మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది, అయిదుగురిలో ఒకరికి దాకా తిరగబెడుతుందని చెప్పారు, అందుకని ఎనిమిది వారాలు అమ్మ గీతల పుస్తకం నడిచింది. మోషన్ మామూలుగా ఉంటే నయమైందో లేదో చూడ్డానికి మళ్లీ పరీక్ష చేయించక్కర్లేదట, నయమయ్యాక కూడా కొన్నాళ్లు పాజిటివ్ చూపించొచ్చట. ఒక చిక్కు మాత్రం మిగిలింది. పొట్ట నీటి ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాకుండా రోజూ నార్‌ఫ్లాక్సాసిన్ ఇవ్వడం మామూలు, అదీ యాంటీబయాటికే, దాని వల్ల ఇది మళ్లీ లేవొచ్చు. ఒక పక్క నుయ్యి, ఒక పక్క గొయ్యి. డాక్టరు గారు నాన్న విషయంలో కొన్ని వారాలు ఆగి చూద్దామని, రిఫాక్సిమిన్ మాత్రం కొనసాగిద్దామని నిర్ణయించారు. ఇది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, నా మాట చూసి మీ వాళ్లకి ఏదీ మార్చకండి.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: ఎమర్జెన్సీకి ఐదు, పెద్ద డాక్టరు గారికి ఐదు, ఆ నైట్ సిస్టర్‌కి ఐదు దాటి ఉంటే అంతా. పగటి డ్యూటీ డాక్టర్లకి రెండు. శుభ్రతకి ఒకటి, అదీ రిపోర్టు వచ్చాక చేసిన పనికి. మళ్లీ ఇక్కడికే వెళ్తామా అంటే వెళ్తాం, సంచిలో సబ్బు, పెన్సిలు పెట్టుకుని వెళ్తాం. యాంటీబయాటిక్ నడుస్తున్నప్పుడు గానీ ఆపాక కొన్ని వారాల్లో గానీ, రోజుకి మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ నీళ్ల విరేచనాలైతే, సిరప్ ఆపినా, తగ్గించినా అవి కట్టకపోతే, "సీ డిఫ్ పరీక్ష చేయించారా?" అని ఆ పేరు పెట్టి అడగండి. పేరు పెట్టి అడిగితే వింటారు, ఇది నేను చూశాను.

గత నెల రివ్యూకి వెళ్లాం. నాన్న నడిచే వచ్చారు, లిఫ్టు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆయన్ని ఓపీలో కూర్చోబెట్టి నేను పైన మా పాత వార్డుకి వెళ్లి చూశాను. మూడు సింకుల్లో రెండింటి దగ్గర సబ్బు డబ్బాలు నిండుగా ఉన్నాయి, పక్కన కాగితాలు కూడా పెట్టారు. మూడోది ఖాళీ. వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పి, ఆవిడ మనిషిని పంపి నింపించే దాకా అక్కడే నిలబడి కిందికి దిగాను.